మొక్కజొన్న పుట్టుపూర్వోత్తరములు



గుంటూరు, ప్రకాశము జిల్లాల మైదానములలో రొక్కము తెచ్చు పంటలేవి యని యడిగినచో ఎవరైనను ప్రత్తి, మిరప యని వెంటనే చెప్పుదురు. తెనాలి, దుగ్గిరాల, కొల్లిపర ప్రాంతముల మాగాణి రైతులు వానికి మొక్కజొన్నను గూడ చేర్చుదురు. ఈ మూడును మన తాతముత్తాతలనాటి యాస్తి యని మనము భావింతుము. కాని యీ మూడింటికిని పుట్టినిల్లు ఒక్కటే. అది సముద్రముల కావల, అమెరికా ఖండమందలి మెక్సికో దేశము. దేశవాళి ప్రత్తి మన దేశపుదే. అయినను నేడు మన నల్లరేగడి భూములలో విరివిగా పెరుగుచున్న ప్రత్తి అమెరికా జాతిది. మిరపయు అట్టిదే. 1492లో కొలంబసు అమెరికా తీరమును చేరుటకు పూర్వము మన వంటయింట మిరపకాయ లేదు, మిరియమే కారము. మొక్కజొన్నయు ఆ తరువాతనే ఓడలెక్కి మన దేశమునకు వచ్చినది.

నేటి ప్రసంగమున ఈ మూడింటిలో మొక్కజొన్న నొక్కదానినే తీసికొందును. ఒక యడవిగడ్డి మనుష్యుని చేతిలో పడి యెట్లు పంటయైనదో శాస్త్రజ్ఞులు ఈ పైరు విషయమున మిక్కిలి వివరముగా కనుగొనిరి. ఆ వృత్తాంతము తెలిసినచో మనము ఏటేట సొమ్మిచ్చి కొను విత్తనపు సంచిలో ఏమున్నదో, దానిని మరల విత్తుటకు ఏల పనికిరాదో, మన యింటనున్న పాతవిత్తనమునకు విలువ యేమో తేటపడును.

మొదట పేరును గూర్చి యొకమాట. సంస్కృత నిఘంటువులలో జొన్నకు యావనాళమని పేరున్నది. మొక్కజొన్నకు అట్టి ప్రాచీన నామము లేదు. మనవారు ఈ క్రొత్త పైరును చూచి, ఆకును బట్టియు కాండమును బట్టియు ఇది జొన్నవంటిదని తలచి, జొన్న పేరునే దీనికి పెట్టిరి. శాస్త్రము ఆ తలంపు సరియైనదే యని చెప్పుచున్నది. జొన్నయు మొక్కజొన్నయు గడ్డికులములో ఒకే శాఖకు చెందిన దాయాదులు.

అయినను ఈ దాయాదుల నడుమ ఒక పెద్ద భేదము గలదు. జొన్నవెన్ను మొక్క కొనయందు బయటనే యుండును. పక్షి కొన్ని గింజలను తినును, కొన్నింటిని నేలమీద చల్లును. మొక్కజొన్న పొత్తు అట్లు కాదు. పలుపొరల డొప్పలో గింజలన్నియు కండెకు గట్టిగా నంటియుండును. కోయువారు లేక పొత్తు అట్లే నేలరాలినచో, ఒకేచోట వందలకొలది మొలకలు కిక్కిరిసి లేచి, ఒకదాని తిండి నొకటి లాగుకొని అన్నియు నీరసించును. మనుష్యుడు డొప్ప విప్పి, గింజ యొలిచి, దూరదూరముగా విత్తవలెను. ఆ చేయి లేనిచో ఈ పైరు కొలది సంవత్సరములలో భూమిమీద నుండదు. ఇట్టి నిస్సహాయమైన మొక్కను అడవి కనలేదు. అట్లయిన దీని తల్లి యెవరు? ఈ ప్రశ్న పండితులను అనేక సంవత్సరములు వేధించినది.

దానికి సమాధానము చెప్పుటకు ముందు మనకు పరిచితమైన వరిని చూతము. మునులు ఆశ్రమములలో భుజించిరని పురాణములలో వినుచుండు నివ్వరిధాన్యము మీ రెరిగినదే. అమరకోశము నీవారమును గడ్డిధాన్యముగా పేర్కొన్నది. అది నేటికిని చెరువుల యంచులందును పల్లపు నేలలందును తనంతట మొలచు అడవివరి. దానిని సేద్యము చేయుట ఏల కష్టమనగా, గింజ పండిన వెంటనే వెన్నునుండి రాలిపోవును. మొక్కకు అది మేలే. తన సంతానమును తానే విత్తుకొనుచున్నది. కొడవలి పట్టినవానికి మాత్రము అది నష్టము.

ఏ నాటిదో యొకనాడు కొన్ని మొక్కలలో గింజ రాలక వెన్నునకే అంటియుండు గుణము దైవికముగా కలిగినది. అడవిలో నది లోపమే. కాని కోతకు వచ్చినవారి చేతికి చిక్కినవి, రాలిన గింజలకంటె రాలని గింజలే యెక్కువ. మరుసటియేట విత్తిన వానిలో అవియే యెక్కువ. ఇట్లు ఏటేట జరుగగా జరుగగా రాలని వరి మాత్రమే పొలమున మిగిలినది. విత్తినవాడు ఇదియంతయు నెరిగి చేయలేదు. అతని కొడవలియే ఏరినది. ఈ రాలని గుణమునకు ముఖ్యకారణమైన యొక జన్యువును శాస్త్రజ్ఞులు 2006లో వెలువరించిరి. జన్యువనగా బీజములో వ్రాసియున్న యొక యాజ్ఞ యని గ్రహింపుడు. దీర్ఘమైన యా వ్రాతలో ఒక్క యక్షరము మారుటచే అడవిధాన్యము మన యింటి ధాన్యమైనది.

ఇక మొక్కజొన్న తల్లి యొద్దకు వత్తము. మెక్సికో కొండలలో టియోసింటి యను గడ్డి యొకటి కలదు. అచ్చటి ప్రాచీనుల భాషలో ఆ పేరునకు దేవతల మొక్కజొన్న యని యర్థము చెప్పుదురు. మన దేశమున ఉత్తరప్రాంతములలో దానిని మక్చారి యను పేర పశువుల మేతకు పెంచుచున్నారు. చూచుటకు అది మొక్కజొన్నవలె నుండదు. ఒంటికాండముగా నిలువక సజ్జదుబ్బువలె పలుకొమ్మలు వేయును. దాని పొత్తు వ్రేలెడు పొడవైనను ఉండదు. అందు రెండు వరుసలుగా అయిదు మొదలు పండ్రెండు గింజలవరకు మాత్రమే యుండును. ప్రతి గింజకును రాయివంటి పెంకు గలదు. పండినంతనే పొత్తు ముక్కలుముక్కలై రాలిపోవును. పశువు మింగినను పెంకు పగులక ఆ గింజ పేడలో పడి మొలకెత్తగలదు. ఒకవైపు వందలకొలది మెత్తని గింజలుగల మొక్కజొన్న పొత్తును, వేరొకవైపు ఈ పదిగింజల పెంకుల దండను పెట్టి చూచినవారు ఇది దానికి తల్లి యన్నచో నమ్మరు.

పండితులును నమ్మలేదు. మాంగెల్స్‌డార్ఫ్ అను ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు మొక్కజొన్న తల్లి యెన్నడో నశించిన వేరొక అడవి మొక్కజొన్న యనియు, టియోసింటి మొక్కజొన్నకు తల్లి కాదు, సంతానమే యనియు 1930ల చివర వాదించెను. జార్జి బీడిల్ అను యువశాస్త్రజ్ఞుడు 1939లో దానిని ఖండించెను. ఈ రెండు మొక్కలలోను జన్యువులను మోయు పోగులు పదేసి జతలే యున్నవి. రెంటిని కలిపినచో పుట్టిన బిడ్డ గొడ్డుపోక గింజలు కాయును. కావున నివి తల్లియు బిడ్డయే యని ఆయన వాదము. రాయివంటి గింజను ఎవరు తిందురని ఎదుటిపక్షమువా రడుగగా, ఆ గింజను వేడిచేసిన పేలాలవలె ప్రేలునని ఆయన చూపెను.

బీడిల్‌కు 1958లో జన్యుశాస్త్రమున చేసిన వేరొక కృషికి నోబెలు బహుమానము వచ్చినది. ఉద్యోగము విరమించిన పిదప ఆయన ఊరక కూర్చుండక తన పాత ప్రశ్ననే మరల పట్టుకొనెను. 1970ల దశకమున మెక్సికోలో మొక్కజొన్నను టియోసింటితో సంకరము చేసి, ఆ బిడ్డల సంతానమును, అనగా రెండవతరమును, ఇంచుమించు 50,000 మొక్కలను పెంచి, ఒక్కొక్కదానిని పరీక్షించెను.

ఏల అన్ని మొక్కలు? బడిలో లెక్కలు చెప్పినవాడను కనుక ఆ లెక్కను మీకు విప్పి చెప్పెదను. మెండెల్ అను సన్యాసి బఠాణీ మొక్కలపై పరిశోధన చేసి 1866లో ప్రకటించిన సూత్ర మిది. తల్లిదండ్రుల నడుమ ఒక్క జన్యువులో మాత్రమే భేదమున్నచో, రెండవతరమున నాలుగు మొక్కలలో ఒకటి ఆ గుణమున అచ్చముగా తల్లిని పోలును, ఒకటి అచ్చముగా తండ్రిని పోలును, రెండు మిశ్రమముగా నుండును. రెండు జన్యువులలో భేదమున్నచో అచ్చముగా తల్లివలె వచ్చునది నాలుగు నాలుగుల పదునారింటిలో ఒకటి. మూడైనచో 64లో ఒకటి; నాలుగైనచో 256లో ఒకటి; అయిదైనచో 1,024లో ఒకటి. భేదమునకు వందలకొలది జన్యువులు సమానముగా కారణమైనచో, భూమండలమంతయు విత్తినను అచ్చమైన తల్లిపోలిక యొక్కటియు దొరకదు.

బీడిల్ పొలమున ఇంచుమించు 500 మొక్కలకు ఒకటి అచ్చపు మొక్కజొన్నవలెను, అట్లే ఒకటి అచ్చపు టియోసింటివలెను వచ్చినవి. అయిదు వందలనునది 256కును 1,024కును నడుమ నున్నది. కావున ఈ గడ్డికిని ఈ పంటకును గల పైరూపభేదములలో ముఖ్యమైనవి నాలుగైదు జన్యువుల మూలముననే కలిగినవని ఆయన నిర్ణయించెను. అంతటి భేదమునకు ఇంత స్వల్పకారణమా యని లోకము విస్మయపడినది.

ఆ నాలుగైదింటిలో ముఖ్యమైనవానిని జాన్ డోబ్లీ యను నాయన తన సహచరులతో వెదకి పట్టుకొనెను. ఒక జన్యువు కొమ్మలను అణచునట్టిది. అది 1997లో చేతికి చిక్కినది. టియోసింటిలో అది మందముగా పనిచేయును గనుక కొమ్మలు బారులు సాగును. మొక్కజొన్నలో అది రెండింతలుగా పనిచేయును గనుక కొమ్మలు అణగి, బలమంతయు ఒంటికాండమునకును ఒకటి రెండు పొత్తులకును చేరును. వేరొక జన్యువు గింజ పెంకును నిర్ణయించునది. అందలి స్వల్పమైన మార్పుచే రాతిపెంకు తగ్గి గింజ బయటపడినదని 2005లో తేలినది.

కొమ్మలనణచు జన్యువునకు ఆ రెండింతల బలము ఎట్లు వచ్చెనో 2011లో తెలిసినది. ఒకచోటనుండి వేరొకచోటికి దుముకు జన్యుఖండము లున్నవి. వానిని మొక్కజొన్న గింజల రంగుమచ్చలను పరీక్షించి 1940లలో కనిపెట్టినది బార్బరా మక్లింటాక్ అను విదుషీమణి. ఆమె మాటను మొదట చాలమంది గ్రహింపలేదు. 1983లో నోబెలు బహుమానము లభించినది. అట్టి దుముకుఖండ మొకటి ఆ జన్యువునకు దూరమున వచ్చిపడి దాని పనిని హెచ్చించినది. ఇంకొక వింత యేమనగా, ఆ ఖండము వచ్చిపడుట సేద్యము మొదలగుటకు ఎన్నో వేల యేండ్లకు పూర్వమే జరిగినది. అనగా మార్పును కలిగించినది ప్రకృతి. ఎక్కడనో యొక మూల పడియున్న యా మార్పును గుర్తించి, ఆ గింజను వేరుచేసి దాచి విత్తినది మనుష్యుడు. ఆ రైతుల పేర్లు మన కెవరికిని తెలియవు. వారికి లిపి లేదు, శాస్త్రము లేదు. చూచు కన్నును దాచు చేయియు నున్నవి.

ఇది యెప్పటి మాట? వేర్వేరు తావుల మొక్కజొన్నలను, టియోసింటి జాతులను పోల్చిచూచి, ఈ మార్పు ఇంచుమించు 9,000 యేండ్లకు పూర్వము దక్షిణ మెక్సికోలోని బాల్సాస్ నది లోయలో నొక్కచోటనే మొదలైనదని 2002లో నిర్ణయించిరి. ఆ లోయలోని యొక రాతిగుహలో తిరుగలిరాళ్లకు అంటియున్న మొక్కజొన్న యవశేషములు దొరకినవి. వాని వయస్సు 8,700 యేండ్లని 2009లో ప్రకటించిరి. పిదప ఎత్తైన కొండలయందలి వేరొక టియోసింటి జాతియు ఇందులో కలిసినదనియు, నేటి మొక్కజొన్నలన్నింటను దాని యంశ గలదనియు 2023లో తెలిపిరి.

ఈ పూర్వచరిత్రకు గుర్తు మన చేతిలోనే యున్నది. ఈసారి పొత్తు చేతికి వచ్చినప్పుడు దాని వరుసలు లెక్కింపుడు. పండ్రెండో, పదునాలుగో, పదునారో యుండును. సాధారణముగా బేసిసంఖ్య యుండదు. టియోసింటిలో ప్రతిచోటను రెండేసి పూమొగ్గలు జతగా పుట్టి, అందొకటి యెండిపోవును. మొక్కజొన్నలో రెండును నిలిచి గింజలగును. జతజతలుగా వచ్చుటచేతనే వరుసలు సరిసంఖ్యలో నుండును.

ఇక మన పొలములకు వత్తము. డెల్టాలో వరి కోసిన పిదప పూర్వము మినుము చల్లుచుండిరి. పల్లాకు తెగులును బంగారుతీగయు ఆ పైరును పీడింపగా, పదునారకముందే దున్నకుండ కర్రతో గుంటలు చేసి మొక్కజొన్న గింజలు పెట్టు పద్ధతి వ్యాపించినది. మంచి యేట ఎకరమునకు 30, 40 క్వింటాళ్లు పండించు రైతులు గలరు. వారు విత్తునది సంకరవిత్తనము, మీరు హైబ్రిడ్ అనునది. మన దేశమున మొక్కజొన్న కొరకు అఖిలభారత పరిశోధన పథకము 1957లో మొదలై, 1961లో గంగ, రంజిత్, దక్కన్ అను పేర్లతో తొలి సంకరరకములు వెలువడినవి.

ఈ సంకరవిత్తనమును దాచి మరుసటియేట విత్తినచో దిగుబడి తగ్గునని మీ రెరుగుదురు. కంపెనీవారు విత్తనములో ఏదో మందు కలిపిరని కొందరందురు. అది నిజము కాదు. కారణము బీడిల్ పొలమున మనము చూచిన లెక్కయే. ఒక వంశమును పలుతరములు తనలో తానే కలియునట్లు చేసి ఒకే గుణమునకు తెత్తురు. వేరొక వంశమును అట్లే చేయుదురు. అవి రెండును అర్భకముగా నుండును. వాని రెంటికి పుట్టిన బిడ్డ మాత్రము మిక్కిలి బలముగా లేచును. అమెరికాలో జార్జి షల్ 1908లో ఈ సంగతి తెలిపెను. ఆ బిడ్డలే సంచిలోని గింజలు. అందుచేతనే పొలమంతయు ఒకే యెత్తున నిలుచును. ఆ బిడ్డల సంతానము రెండవతరము. అందు ఒకటి అవ్వను, ఒకటి తాతను, తక్కినవి నానావిధములుగా పోలును. పొట్టివి, పొడుగువి, ముందు పండునవి, వెనుక పండునవి కలిసిపోయి, బిడ్డకు వచ్చిన యదనపు బలములో సగమువరకు నశించును. కావున సంకర మొక్కజొన్న వేయువారు ఏటేట విత్తనము కొనక తప్పదు. వరి, మినుము, కంది, జొన్న మొదలగువానిలో సంకరము కాని రకములను మాత్రము శ్రద్ధతో ఏరి మరల విత్తుకొనవచ్చును. మిరప, కంది పువ్వులపై తేనెటీగలు తిరిగి పుప్పొడిని కలుపును గనుక వాని విత్తనపుమడిని ఇతర రకములకు దూరముగా నుంచవలెను.

ఒకే యెత్తున నిలుచు పొలము కన్నుల పండువుగా నుండును. అందే యపాయమును గలదు. అమెరికాలో సంకరవిత్తనము తయారుచేయుట సులభమగుటకై ఒకే తల్లివంశపు లక్షణమును ఎక్కువభాగము విత్తనములలో చొప్పించిరి. 1970లో ఒక ఆకుమాడు తెగులు ఆ లక్షణముగల మొక్కలనే పట్టుకొని, ఒక్క యేటనే ఆ దేశపు పంటలో ఇంచుమించు 15 శాతమును హరించినది. ఒక మొక్కకు సోకినది అన్నింటికిని సోకినది. ఎదిరించు రకము పొలమున లేదు. మన దేశమునకు 2018లో కత్తెర పురుగు వచ్చినది. మొదట కర్ణాటకమున కనబడి, అనతికాలముననే మన పొలములను చేరినది. అదియు అమెరికానుండి వచ్చినదే. పైరు ముందు వచ్చినది. దాని శత్రువు వెనుక వచ్చినది.

ఇట్టి యాపదలలో పండితులు ఎచ్చటికి పోవుదురు? పాత రకముల యొద్దకును, అడవి తల్లి యొద్దకును పోవుదురు. మెక్సికోలో మనంత్లాన్ అను కొండలలో ఏటేట మరల చిగుర్చు టియోసింటి జాతి యొకటి 1970ల చివర కనబడినది. మొక్కజొన్నను పీడించు పలు వైరసు తెగుళ్లను అది తట్టుకొనును. కొలది కొండనేలలో మాత్రమే మిగిలియున్న ఆ గడ్డికొరకు ఆ కొండలను 1987లో రక్షితప్రదేశముగ ప్రకటించిరి. పశువులమేతయో కలుపుమొక్కయో యని దానిని ఎవరైనను తుడిచివేసియున్నచో, ఆ గుణములు ఎంత ధనము పోసినను మరల దొరకవు. ఏరుటలో మనుష్యుడు ఒక గుణమును పట్టుకొనుచు పది గుణములను విడిచెను. విడిచినవి యింకను ఆ గడ్డిలోనే యున్నవి.

ఈ మాట మెక్సికోకే కాదు, మనకును చెల్లును. మొక్కజొన్న తల్లి మన దేశమున లేదు. కాని జొన్న, కొఱ్ఱ, వరిగ, కంది, దేశవాళి ప్రత్తి మొదలగువాని పాతరకములు మన యూళ్లలో తరతరములుగా నుండినవి. జొన్నపాతరలు నేడు పూడిపోయినవి. వానితోపాటు ఏ జొన్న వాన తక్కువ యేట నిలుచునో, ఏది పిట్టకు లొంగదో తెలిసిన జ్ఞానమును క్రమముగా పోవుచున్నది. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థయు, ఢిల్లీలోని జాతీయ విత్తననిధియు వేలకొలది రకములను చలిగదులలో భద్రపరచుచున్నవి. అది గొప్ప పనియే. అయినను చలిగదిలోని గింజ నిద్రించును. పొలమున విత్తిన గింజ ఏటేట మారుచున్న యెండకును వానకును పురుగునకును తట్టుకొనుట నేర్చుకొనును. రెండును కావలెను.

కావున గ్రామపెద్దలకు నా మనవి యిది. సొమ్ము పంటకు సంకరవిత్తనము కొనుడు, నేను వలదనను. దానితోపాటు గ్రామమున నెవరి యింటనైన పాత జొన్నయో, కొఱ్ఱయో, కందియో మిగిలియున్నచో దానిని పోనీయకుడు. ఏటేట రెండు కుంటల నేలలో విత్తించి, మేలైన వెన్నులను పైరుమీదనే గుర్తించి, వేరుగా కోయించి, బూడిదయో వేపాకో కలిపి దాచి, పేరును గుణమును ఒక పుస్తకమున వ్రాయించుడు. విత్తనమును దాచుకొనుటకును, విత్తుకొనుటకును, ఇరుగుపొరుగుతో మార్చుకొనుటకును రైతునకు హక్కు గలదని 2001 నాటి వృక్షరకముల, రైతుహక్కుల రక్షణ చట్టము చెప్పుచున్నది. రైతులు తమ రకమును తమ పేర నమోదు చేయించుకొనుటకును అందు వీలున్నది.

బాల్సాస్ లోయలో పేరు లేని యొక రైతు దాచిన గింజ నేడు తెనాలి మాగాణిలో పండుచున్నది. మీరు దాచిన గింజ ఏ కాలమున ఎవరికి అన్నము పెట్టునో చెప్పజాలము. దాచుట మాత్రము మన వంతు.